‘ఏమో’ అంటే సరే

“జ్వాలాముఖి అరిచిందనుకో, భయపడొద్దు. అది దాడి కాదు, ప్రేమ,” అంది అనూష.

“మరి దాడి ఎప్పుడు?” అన్నాడు యశ్వంత్.

“మెత్తగ మాట్లాడినప్పుడు. అప్పుడైతే చెప్పులు కూడ చూసుకోకుండ ఉరకాలె.”

“ఇదేం రూలబ్బా!”

కోకాపేటలో వాళ్ళ ఆఫీసు క్యాంటీన్. మధ్యాహ్నం టీ వేళ. ఇద్దరి మధ్యా బల్ల మీద రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద నోట్లోంచి మంటలు కక్కుతున్న రాణి. రెండోదాని మీద మీసాలున్న కొండ.

యశ్వంత్‌ది ప్రొద్దుటూరు. పనిలో దిట్ట. కొత్త మనిషి ఎదురైతే మాత్రం నోరు పెగలదు. తెలిసినవాళ్ళను కూడా ఇది కావాలని అడగలేడు. అతని ప్రాణమంతా ఫాంటసీ కార్డులాట మీదే. అందులో ఒక్కో కార్డుకి ఒక్కో స్వభావం, ఒక్కో స్వభావానికి ఒక్కో తిరకాసు రూలు. ఆ రూల్సన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అనూష తన అమ్మానాన్నల స్వభావాలు ఎన్నిసార్లు వివరించినా మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, మహానుభావుడికి.

చివరికి విసుగెత్తి ఆ పిల్లే రంగు పెన్సిళ్ళు కొని, కన్నవాళ్ళను కార్డుల్లోకి దించేసింది. మంటల రాణి జ్వాలాముఖి వాళ్ళమ్మ సాయమ్మ. మీసాల కొండ మౌనగిరి నాన్న కొమురయ్య.

ఆదివారం యశ్వంత్ మూసాపేటలో వాళ్ళింటికి వెళ్ళాలి. పిల్లనివ్వమని నోరు విప్పి అడగాలి.

“మా బాపు వద్దంటే ఇగ అంతే. ఆయన మాట దాటి నేను రాను. ముందే చెప్తున్న,” అంది అనూష. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

యశ్వంత్ గబగబా రెండో కార్డు తీసుకున్నాడు. “ఈ మౌనగిరి సంగతేంది?”

“‘చూద్దాం’ అంటే వద్దని. ‘ఏమో’ అంటే సరే అని.”

“మరి ‘సరే’ అంటే?”

“గా మాట ఆయన నోట్లకెల్లి నేనైతే ఎప్పుడు ఇనలే.”

“అమ్మ వడ్డిస్తే?”

“ఒక్కసారి వద్దనొచ్చు. రెండోసారంటే అలుగుతది. పక్కన మౌనగిరి ఉన్నడనుకో, మొదటిసారి కూడ అనొద్దు.”

“ఒకే కూరకి ఇన్ని రూల్సా!” యశ్వంత్ తల పట్టుకున్నాడు. అంతలో ఆమె బ్యాగులోంచి ఇంకో కార్డు అంచు కనబడింది. “అదేంది?”

“రంగు పూసుకపోయింది. ఖరాబైంది,” అంటూ అనూష సర్రున జిప్పు లాగేసింది.

ఆదివారం రానే వచ్చింది. తలుపు తీస్తూనే సాయమ్మ విరుచుకుపడింది.

“గింత ఎండల నడుసుకుంట వచ్చినవా? ఆటోలన్ని చచ్చినయా? దిమాక్ ఉన్నదా నీకు?”

ఆ కేకకి ఎదురింటివాళ్ళు తొంగిచూశారు. యశ్వంత్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. ప్రేమే, అనుమానం లేదు!

కూర్చున్నాడో లేదో చేతిలో చల్లటి నీళ్ళ గ్లాసు పెట్టింది. అది ఖాళీ కాగానే మళ్ళీ నింపింది. దాహంతో నాలుక పిడచగట్టినా అడగలేని యశ్వంత్, ఎంత చల్లని తల్లి అనుకున్నాడు.

ఎదురుగా కొమురయ్య. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు నడుపుతాడు. జీతమెంత, ఇల్లుందా, అప్పులున్నాయా అని అడుగుతాడేమోనని యశ్వంత్‌కి ఒళ్ళంతా చెమటలు. చాలాసేపటికి ఆ మీసం కదిలింది.

“గా కార్డులాట ఏందో జర చెప్పు, బిడ్డా.”

ఇంకేముంది, గట్టు తెగింది! డ్రాగన్లు, కవచాలు, పిరికి మంత్రగాళ్ళు, మొండి రాక్షసులు... అతను చెప్తూనే ఉన్నాడు, ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. మౌనగిరి లొంగిందిరా నాయనా అని యశ్వంత్ లోలోపల జబ్బలు చరుచుకున్నాడు.

భోజనాలకు కూర్చున్నారు. సాయమ్మ మటన్ గిన్నెతో వచ్చింది.

“వద్దండీ...” అలవాటు కొద్దీ నోరు జారింది. పక్కనే మౌనగిరి! రూలు తప్పాడు. పైప్రాణాలు పైనే పోయాయి.

సాయమ్మ ఆ మాట చెవిన పడనట్టే రెండు గరిటెలు గుమ్మరించింది. అతనికి కావలసిందీ అదే. ఇవాళ టైము బాగుంది అనుకుంటూ లొట్టలేసుకుని తిన్నాడు.

ఇక అసలు ఘట్టం. చేయి కడుక్కొచ్చి కొమురయ్య ముందు నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో అనూష గోళ్ళు కొరుక్కుంటోంది.

“అంకుల్... మన... మీ అనూషను... నాకు...”

అంతే. ఎంత పెనుగులాడినా తక్కిన మాట బయటికి రాలేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా, ఇక అనూష దక్కదు అనుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

కొమురయ్య ఫ్యాను వంక చూశాడు. గడియారం వంక చూశాడు. భార్య వంక చూశాడు.

“ఏమో,” అన్నాడు.

ఏమో అన్నాడు! చూద్దాం అనలేదు! యశ్వంత్ ఆయన కాళ్ళకు దండం పెట్టాడు, సాయమ్మ కాళ్ళకు పెట్టాడు, ఆ ఊపులో అనూష కాళ్ళకు కూడా వంగబోయి ఆగాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కొమురయ్య చెప్పు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు. ఇంత తిరకాసు ఆటను మొదటిసారే గెలిచిన మొనగాడు ఇంకొకడు లేడనుకుంటూ మెట్రో ఎక్కాడు.

ఇక్కడ సాయమ్మ తలుపేసి, రొండిన దోపుకున్న మూడో కార్డు తీసి, యశ్వంత్ బొమ్మ కింద అనూష రాసిపెట్టిన చివరి రూలు మొగుడికి మళ్ళీ చదివి వినిపించింది: “నీళ్ళు అడగడు, కూర అడగడు, ఆఖరికి నన్ను కూడ అడగలేడు, పిలగాడు నచ్చితే నువ్వే జర ‘ఏమో’ అను బాపూ, మిగిలింది ఆయనే అర్థం చేసుకుంటడు.”