పొడవు గొట్టం

ఇలా నా పక్కకి జరుగు, చెబుతాను. కోత మిషన్ నుంచి ట్రాలీలోకి ధాన్యం పోసే గొట్టం బావది పొడవు, బావమరిదిది పొట్టి. పొద్దుట్నుంచీ చేలో ఇదే గొడవ.

"నీ పొట్టి గొట్టానికి ట్రాలీ అంచు కూడా అందదురా."

"మధ్యలో పడుతోంది, చాలదా బావా?"

ట్రాక్టర్ మీదున్న బావ భార్య అడిగింది. "కొత్త మిషన్ గొట్టం కదా, ట్రాలీ కాస్త దూరం జరపనా?"

"నా గొట్టం సంగతి నాకు తెలీదా? కదలకు."

లివర్ లాగాడు. ఆర్నెల్ల కష్టం భార్య ట్రాలీని దాటుకుని, పక్కనున్న బావమరిది ట్రాలీలో ధారగా పడింది.

"ఒప్పుకున్నా బావా, నీదే పొడవు."

బావ లివర్ ఆపాడు. గొంతు తగ్గించి, "జరుపుతావా?" అన్నాడు.

"ట్రాలీనా, మిమ్మల్నా?" అంది భార్య.

గుర్తుంచుకో. కొత్త మిషన్ కొన్నవాడు ఎదురైతే ముందు ఈ ముక్క చెప్పు.