అవ్వలకు కళ్లు పోయే రోజు

ఎన్నికల రోజు ఆ ఊళ్లో అవ్వలందరికీ కళ్లు పోతాయి.

ముందురోజు దాకా బియ్యంలో రాళ్లు ఏరిన అవ్వకు కూడా తెల్లారేసరికి చూపు ఉండదు. పెనుకొండ దగ్గరి ఆ మెట్ట ఊళ్లో అది ఏనాటి నుంచో వస్తున్న ఆచారం. చూపు లేనివాళ్లకు తోడుగా ఒకరు లోపలికి పోవచ్చు కదా! ఆ తోడు ఎప్పుడూ గంగాధరే. ఊరి పెద్దకు అల్లుడు, పార్టీకి ఏజెంటు. ఓటు కాగితం అతనే తీసుకుంటాడు, ముద్రా అతనే వేస్తాడు. అవ్వలకు మిగిలేది వేలిమీద సిరా చుక్క.

తొంభై తొమ్మిది ఎన్నికల్లో ఉలిగమ్మ వంతు వచ్చింది.

"రా అవ్వా, పట్టుకుంటా," గంగాధర చెయ్యి చాచాడు.

ఉలిగమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈసారి నేనే ఏస్తానప్పా. సచ్చేలోపల ఒక్కసారన్నా నా చేత్తో ముద్ర గుద్దల్లని ఉండాది."

"నీకు కండ్లు యాడ కనపడ్తాయి?"

"కనపడ్తాయే!"

"ఈ పొద్దు కనపడవులే."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. పోలింగ్ ఆఫీసరు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. ఆయనకూ పెళ్లాం బిడ్డలున్నారు, సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాలి.

"అవ్వా, ఆ గోడమీద ఏముండాది?"

బడి గుమ్మం దగ్గర ఎవరో కొత్త మనిషి. నలిగిన తెల్లచొక్కా, చంకలో సంచి. ధర్మవరం బస్సు దుమ్మంతా ఒంటిమీదే ఉంది.

ఉలిగమ్మ గోడకేసి చూసింది.

"బల్లి. తోక తెగిన బల్లి."

"చూపు బాగుండాది కదప్పా," అన్నాడు ఆ మనిషి గంగాధరతో. "ఆమెను ఒక్కదాన్నే పోనీ."

"చెప్పనీకి నువ్వెవురు?"

గంగాధర అతని చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీ తెగి కింద పడింది.

ఆ మనిషి చెయ్యెత్తలేదు. జేబులోంచి ఒక కార్డు తీసి ఆఫీసరుకు చూపించాడు. ఆఫీసరు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"రండి సార్, కూర్చోండి. ఏమయ్యా గంగాధరా, పక్కకు జరుగు!"

కలెక్టరాఫీసు మనిషంట అని వరుసంతా గుసగుసలు పోయింది.

ముద్ర వేసేచోట నిలబెట్టిన అట్ట మరుగుకు పోబోతూ ఉలిగమ్మ భయంగా వెనక్కి తిరిగింది.

"నాయనా, ఎవరికేసినానో వీళ్లకు తెలిస్తే?"

"తెలీకూడదనే ఆ అట్ట పెట్టిండేది. దానెనక్కి గవుర్మెంటు గూడా తొంగి చూడకూడదవ్వా."

ఉలిగమ్మ చాలాసేపు లోపలే ఉంది. బయటికొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"నాయనా, నేను ఎవురికేసినానంటే..."

"చెప్పొద్దు! నాకు గూడా చెప్పొద్దు. అది నీది."

"సరేలే. అబ్బా, ఎన్ని బొమ్మలు పెట్నారు! అడుగున ఒక నిచ్చెన గూడా ఉండాది. దానికెవురేస్తారు నాయనా? పాపం, ఆ నిలబడినోనికి పెండ్లాం గూడా ఎయ్యదు!"

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ ఆ మనిషే నవ్వాడు. కింద పడిన గుండీ ఏరుకుని, ఎండలో పక్క ఊరి దారి పట్టాడు.

పేరు అడగాలని ఉలిగమ్మకు తట్టనే లేదు.

ఆ తర్వాత ఆమెకు నోరొచ్చింది. మా వీధికి కొళాయి ఎందుకు రాదని గ్రామసభలో లేచి అడిగింది. కూర్చోమన్నారు. మరుసటి సభలో ఆమె పక్కన ఇంకొందరు ఆడవాళ్లు లేచారు. ఆలస్యంగానైనా కొళాయి వచ్చింది. మొదటి బిందె పట్టుకుంటూ, ఆ పొద్దు ఓటేయించిన ఆయప్ప చూసుంటే ఎంత బాగుండునో అనుకుంది.

హిందూపురం సంతకు పోయేవాళ్లను అడిగేది, ధర్మవరం పోయేవాళ్లను అడిగేది. తెల్లచొక్కా, చంకలో సంచి అంటే ఎవరు పోల్చుకుంటారు? జిల్లా నిండా తెల్లచొక్కాలే. ఆమెకు మాత్రం ఆ ఒక్క మనిషే కావాలి. నీ వల్ల నాకు కళ్లొచ్చినాయి నాయనా అని చెప్పాలి, అంతే.

రెండువేల నాలుగులో మళ్లీ ఓట్లొచ్చాయి. కాగితం పోయి మిషన్ వచ్చింది. ఉలిగమ్మ వేయించిన చెనిక్కాయలు కొంగున కట్టుకుని, తెల్లారే వచ్చి బడి మెట్లమీద కూర్చుంది. అవ్వలు ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. బస్సు చప్పుడైనప్పుడల్లా ఆమె లేచి చూస్తోంది.

గంగాధర వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనికీ తల నెరిసింది.

"ఎవురికోసరం అవ్వా?"

"ఆయప్పకోసరం. ఓట్ల రోజు రాకుండా ఉంటాడా?"

గంగాధర బస్సు దారికేసి చూశాడు.

"రాడవ్వా. పోయినేడు చనిపోయినాడు. పేపర్లో ఓ మూల ఏసిండ్రి."

ఉలిగమ్మ కొంగు ముడి పట్టుకుని భోరుమంది.

"అయ్యో నాయనా! ఒక్క మాట చెప్పుకోనీకి గూడా కాకపాయనే! అంత పెద్ద ఆఫీసరు..."

"ఆఫీసరు గాదవ్వా. ఓట్లు లెక్కబెట్టేకాడ చూస్తిని. మావోళ్లు ఈలలేస్తాంటే ఆయప్ప ఓ పక్క ఒక్కడే కూర్చోనుండె. అదే చొక్కా. గుండీ నల్లదారంతో కుట్టుకోనుండె. లేచొచ్చి, గెలిచినోనితో చెయ్యి కలిపి పోయినాడు."

"మరి ఎవురప్పా ఆయప్ప?"

గంగాధర తల తిప్పుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు అంటివి చూడు, పెండ్లాం గూడా ఎయ్యదని... ఆ నిచ్చెన గుర్తు ఆయప్పదే అవ్వా."