రేడియేటర్ మూత

“ఆయిల్ పూర్తిగా వంపేశారా సార్? ఒక్క చుక్క కారినా ఓడవాళ్ళు పెట్టె తిప్పి పంపేస్తారు.”

తూకం మీదున్న చెక్కపెట్టె చుట్టూ తిరుగుతూ అడిగాడు బుకింగ్ గుమాస్తా. వంపేశాననీ, కింద పెట్టిన పళ్ళెం పొడిగా ఉండేదాకా ఇంజన్ని వేలాడదీసే ఉంచాననీ చెప్పాడు పెట్టె తెచ్చినతను.

గుమాస్తాకి ఈ వ్యవహారం కొత్త కాదు. ఒక పాతకాలపు కారు రేడియేటర్, గేర్‌బాక్స్, ఇరుసులు, తలుపులు ఒక్కోటే ఈ తూకం ఎక్కి సముద్రం దాటి వెళ్ళాయి.

“ఏనుగుని ముక్కలు చేసి పంపుతున్నట్టుంది సార్. ఇవాళేంటి, తొండమా?”

“గుండెకాయ. ఇంజన్. ఇదే ఆఖరు.”

గుమాస్తా వేలితో ఒక మేకు తలని తడిమాడు. ప్రతి మేకు మీదా ఎర్రరంగు చుక్క. దారిలో ఎవరైనా మేకు కదిపితే చుక్క పగిలి తెలిసిపోతుంది. ఇంతకుముందు పంపిన పెట్టెలన్నిటికీ పెట్టె తెచ్చినతను ఇలాగే పెట్టాడు. బోల్టు బిగించాక దాని మీద చుక్క పెట్టడం అతనికి తండ్రి నుంచి వచ్చిన అలవాటు.

“ఆ రంగు డబ్బా ఏదో మాకూ ఒకటి ఇవ్వండి,” నవ్వాడు గుమాస్తా. “ఈసారి బరువెక్కువ కాబట్టి గేటు దగ్గర దింపేసి పోరు. క్రేన్ బండివాళ్ళే తీసుకునేవారి షెడ్డు లోపల పెట్టి, ఫోటో తీసి మాకు పంపుతారు.”

అతను తలూపి సంతకం పెట్టాడు.

ఆ కారు నాన్నది. నాన్న పోయిన నెలలోనే దాని కోసం అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. అందులో సగం నాదే అన్నాడు తమ్ముడు. మర్నాడు అతను స్పానర్లు తీసి, నడిచే బండిని విప్పి, పెరట్లో గోనెపట్టాల మీద పరిచాడు. “సగం కావాలన్నావుగా. ఏ సగమో ఏరుకో,” అన్నాడు. తమ్ముడు ఏరుకోలేదు. బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ప్రతి నట్టూ ఎంత సులువుగా వచ్చిందో అతని చేతులకి ఇప్పటికీ గుర్తుంది. నాన్న అంత బాగా గ్రీజు పెట్టి ఉంచాడు.

చాలా ఏళ్ళకి, ఒక మధ్యాహ్నం సముద్రం అవతలి నుంచి ఫోన్ మోగింది.

“నేనే. ఆ రేడియేటర్ పంపగలవా? బండి మళ్ళీ కట్టుకుందామనుకుంటున్నా.”

అన్నయ్యా అనలేదు. అయినా ఆ గొంతు విని అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

పంపేముందు అతను ఒక పని చేశాడు. రేడియేటర్ మూత తీసి అట్టేపెట్టుకున్నాడు. మూత లేకపోతే తమ్ముడు మళ్ళీ ఫోన్ చెయ్యాలి కదా. చేశాడు కూడా. కానీ అడుగున తుప్పు పట్టిందని అరగంట సాధించాడే తప్ప మూత మాటే ఎత్తలేదు. గేర్‌బాక్స్ వెళ్ళినప్పుడు, నాన్న అరచెయ్యి అరగదీసిన, గేరు కడ్డీ చివరి గుండు ఇంట్లోనే ఉండిపోయింది. రెండో గేరు పళ్ళు అరిగాయని ఫోన్ వచ్చింది. గుండు ఊసు లేదు. తలుపులకి పిడులు ఊడదీసి పంపాడు. అద్దాలు చెమ్మకి మసకబారాయన్నాడు తమ్ముడు. పిడులేవని అడగలేదు.

చూసే ఉంటాడు. చూసి కూడా అడగడు. అడిగితే తను తగ్గినట్టవుతుందని. స్నానం చేస్తూ, రోడ్డు దాటుతూ అతను ఆ మౌనాన్ని తిప్పి తిప్పి చూసుకునేవాడు. ఎటు తిప్పినా అందులో తన మొహమే కనబడేది.

“మీ అన్నదమ్ములకి ఇనుము తప్ప మాటల్లేవా?” అంది భార్య ఒకసారి. “ఎలా ఉన్నావురా అని ఒక్కమాట అడిగితే మీ సొమ్మేం పోయింది?”

అడుగుదామనే అనుకుంటాడు. తీరా గొంతు వినబడగానే గేర్ల గురించి మాట్లాడతాడు.

ఇంజన్ పెట్టెకి మేకులు కొట్టాల్సిన రోజు, అట్టేపెట్టుకున్నవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేశాడు. అవి తన దగ్గర ఉన్నంతకాలం తమ్ముడికి తనతో పని ఉంటుంది. ఇచ్చేస్తే ఇక ఉండదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి దాన్ని ఇంజన్ మీద, పెట్టె తెరవగానే కంటపడేటట్టు పెట్టాడు. క్షమించమని నోటితో అనడం అతనికి చేతకాదు. ఇది చేతనైంది.

ఇంజన్ చేరిన మర్నాడు ఫోన్ వచ్చింది.

“నేనే. ఇంజన్ తిప్పితే తిరగట్లేదు. పిస్టన్ బిగుసుకుపోయినట్టుంది. అలాంటిది ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు.”

“చూస్తాను. పెట్టె తెరిచావా?”

“తెరవకుండా ఎలా తిప్పుతాను?”

“పైన... ఏమైనా కనబడిందా?”

అవతల తమ్ముడు దగ్గాడు.

“ఆ, కనబడింది. అంతా బాగానే ఉంది.”

అంతే. బాగానే ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా అతని చెయ్యి దాని మీదే ఉండిపోయింది. నాన్న గేరు గుండుని చేతిలోకి తీసుకుని కూడా కరగనివాడికి ఇంకేం పంపాలి? కోపం రాలేదు. తను చేసినదానికి ఇది తక్కువే అనిపించింది.

సాయంత్రం ఒకసారి వచ్చి ఫోటో చూసి వెళ్ళమని గుమాస్తా కబురు చేశాడు.

“చూడండి సార్, ఎంత పదిలంగా దింపారో,” అంటూ తెర అతని వైపు తిప్పి, ఫోటోని పెద్దది చేశాడు. తమ్ముడి షెడ్డు మధ్యలో ఇంజన్ పెట్టె. దాని వెనక గోడవారగా, ఇన్నాళ్ళూ అతను పంపిన పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అతను కళ్ళజోడు సరిచేసుకుని ముందుకి వంగాడు.

ఆ పాత పెట్టెల్లో దేనికీ, ఒక్క మేకు మీదా ఎర్రచుక్క పగల్లేదు.