మగ్గం ఒక్కటి చాలు

"మూడు లక్షలు తీసుకోమ్మా. మీ ఆయన ఒక్కటేసారి ఇస్తనంటుండు, మంచి బేరం," అన్నాడు వకీలు దశరథం, విడాకుల కాగితాలు సర్దుతూ.

"నాకు పైసలొద్దు సార్. మగ్గం ఇయ్యమనుండ్రి," అంది నీలవేణి.

గద్వాల ఊరంతా మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో ఉంటే వీళ్లది ఈ పంపకం. ఇన్నేళ్లు ఒకే కంచంలో తిని, మొన్న సంక్రాంతికి విడాకుల మాట ఎత్తిన మొగుడు శ్రవణ్ కుమార్, ఎవరి గొడవో అన్నట్టు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

"మగ్గం అమ్మితే ఎంతొస్తదమ్మా? జర ఆలోచించు."

"ఆలోచించిన సార్. మూడు లక్షలు మూడేండ్లల్ల కరిగిపోతయి. తర్వాత నన్నెవరు సాకుతరు? మగ్గముంటే నా ఒంట్ల సత్తువున్నన్ని దినాలు బువ్వ పెడ్తది. సర్కారు ఇచ్చే పొదుపు పైసలు, బీమా గూడ నేసేటోళ్లకే. మగ్గం నా పేరు మీద రాయిస్తే చాలు."

మాట గట్టిగానే వచ్చింది. అయినా 'ఇవన్నీ ఎందుకు, ఇంటికి పోదాం పా' అని అతను ఒక్క మాటంటే చాలు, ఆ కాగితాలు అక్కడే చింపేసేది. ఆశ ఎంత చెడ్డది!

"ఇచ్చేస్త," అన్నాడు శ్రవణ్. బేరమన్నా ఆడలేదు. సంతకాలు అయిపోయాయి.

"సరే, యాడ పెట్టుకుంటవమ్మా? మీది గుంట మగ్గమాయె. నట్టింట్ల గుంట తవ్వుతనంటే కిరాయికి ఇల్లెవరిస్తరు?" అన్నాడు వకీలు.

బతుకంతా లెక్క వేసుకున్న నీలవేణికి ఆ సంగతే తట్టలేదు. ఎట్లా తడుతుంది? పుట్టింట్లో ఆమె కన్ను తెరిచేసరికే, అత్తింట్లో కాలు పెట్టేసరికే, కాళ్లు దించుకుని నేసే గుంట ఉండనే ఉంది. నేతగాళ్లు ఇల్లు కట్టినప్పుడే తవ్వుకుంటారు మరి.

శ్రవణ్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "అయిజ రోడ్డుల పార్వతమ్మ ఇంట్ల ఒక అర్ర ఖాళీగున్నది. పోయి చూస్కో," అని ఆమె మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.

నీలవేణి ఆటో ఎక్కి వెళ్లింది. పార్వతమ్మ అనే ముసలావిడ తాళం తీసి తలుపు తోసింది. గది మధ్యలో గుంట! అంచులు మట్టితో మెత్తి, నున్నగా అలికి ఉంది.

"మీ ఆయననే తవ్విండు," అంది పార్వతమ్మ.

నీలవేణి అంచు మీద కూర్చుని కాళ్లు దించింది. పాదాలు అడుగున సరిగ్గా ఆనాయి. శ్రవణ్ పొడగరి. ఇంట్లో అతని కొలతకు తవ్విన గుంటలో ఆమెకు కాళ్లందక ఇటుకలు వేసుకునేది. ఇది మాత్రం ఆమె కాళ్ల కొలతే.

కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇంత ప్రేమ కడుపులో దాచుకుని పైకి ఆ బింకమెందుకు? పిచ్చి మనిషి! కాగితాలు ఇంకా కోర్టుకు పోలేదు. ఇప్పుడే ఇంటికి పోయి, కాళ్లావేళ్లా పడైనా సరే, కలుపుకోవాలనుకుంది.

"ఎప్పుడొచ్చి తవ్విండు పెద్దమ్మా? నిన్ననా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"నిన్న యాడిది బిడ్డా! శ్రావణంల, ఆర్నెల్లాయె. నువ్వు కడుపు పోయి దవాఖానల పండుకుంటివి సూడు, గప్పుడే."