ఆవిడా ఈవిడా ఒక్కరే

వీసా ఆఫీసు కిటికీ వెనకున్న గుమాస్తా ఫైలును మళ్లీ బయటికి తోశాడు.

"మేడమ్, ఇందులో ఉన్నది మీరు కాదు."

"నేను కాకపోతే మరెవరండీ?"

"డిగ్రీ పట్టాలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో మొత్తం ఉంది. రికార్డు ప్రకారం ఆవిడ వేరు, ఈవిడ వేరు."

"మనందరం అలాగేగా రాసుకుంటాం. మీ పేరు ముందు లేదా పొట్టి అక్షరం?"

"ఉంది. కానీ నేను విదేశం వెళ్లట్లేదుగా."

పంతులమ్మకు ఒళ్లు మండిపోయింది. పొద్దున ఫొటోలో చెవులు కనబడలేదన్నాడు. మళ్లీ తీయించుకొచ్చింది. దరఖాస్తు నల్ల సిరాతోనే నింపాలన్నాడు. నింపింది. ఇప్పుడు ఏకంగా ఆవిడే ఆవిడ కాదంటున్నాడు. ఈ కొర్రీలకు అంతూ పొంతూ ఉంటే కదా.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరైనా, ఆవిడా ఈవిడా ఒక్కరేనని సంతకం పెట్టాలి. ఇంట్లోవాళ్లు పనికిరారు. కౌంటర్ మూసేలోపు తెండి."

ఒక నమూనా కాగితం ఆవిడ చేతిలో పెట్టి, తర్వాతి నంబరు పిలిచాడు.

పరాయి దేశంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. కాగితాలు అందించడానికి ఇవాళే ఆఖరు. ఇక్కడి స్కూల్లో రాజీనామా ఇచ్చేసింది. ఆ కుర్చీలో అప్పుడే వేరొకరు కూర్చున్నారు కూడా. ఇది కాస్తా తప్పిపోతే రెంటికీ చెడ్డ రేవడి బతుకే.

బెంచీ మీద కూలబడి రాయడం మొదలుపెట్టింది. కోపంలో పుట్టిన ఊరి గడిలో ఇంటిపేరు రాసేసింది.

"పర్లేదు, మళ్లీ రాద్దాం," అంది పక్కన కూర్చున్న పెద్దావిడ. లేచి వెళ్లి ఇంకో కాగితం తెచ్చిచ్చింది.

పొద్దుట్నుంచీ ఇదే వరస. ఫొటో వద్దన్నారంటే పర్లేదు. సిరా మార్చాలన్నారంటే మళ్లీ రాద్దాం. రాద్దాం ఏమిటి, రాసేది తనొక్కతే అయితే? చెప్పేవాళ్లకేం, ఎన్నయినా చెబుతారు.

"ఏ బడికమ్మా?" పెద్దావిడ అడిగింది.

ఏ బడైతే మీకెందుకని నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం ఉత్తర్వు తీసి ఆవిడ ఒళ్లో పడేసింది. "చూసుకోండి."

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. చదివాక కూడా కాగితం తిరిగివ్వలేదు.

"ఇవాళ నీ పని కాకపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, ఇప్పుడక్కడ చెబుతున్నావిడకే ఇంకో ఏడాది పొడిగిస్తారట. ఎవరో ముసలావిడ. నా నోటిదాకా వచ్చిన ముద్ద ఆవిడ పాలవుతుంది."

పెద్దావిడ ఉత్తర్వు మీది బడి పేరును వేలితో తడిమింది.

"పిల్లల మీద కూడా ఇలాగే విసుక్కుంటావా?"

"పిల్లల మీద ఎందుకు విసుక్కుంటానండీ? వాళ్లు కొర్రీలు వెయ్యరుగా."

పెద్దావిడ నవ్వింది. ఉత్తర్వును పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి ఇచ్చేసింది.

పంతులమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. తోటి టీచర్లంతా క్లాసుల్లో ఉన్నట్టున్నారు, ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తిన ఒక్క స్నేహితురాలేమో ఊళ్లో లేదు. లోపల గుమాస్తా స్టాంపులు సొరుగులో సర్దుతున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఇంత చదువూ చదివి, తను తనేనని చెప్పే దిక్కు లేకుండా పోయింది.

పెద్దావిడ లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

"ఈ అమ్మాయిని నేనెరుగుదును. సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ?"

"ఎన్నాళ్లుగా ఎరుగుదురు?"

"పొద్దుట్నుంచీ."

గుమాస్తా ఆవిడ వంకా, కాగితం వంకా చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"ఎన్నాళ్లుగా అన్న గడి ఇందులో లేదులెండి. కానివ్వండి."

పెద్దావిడ కలం పట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, సంతకం పెట్టేసింది. స్టాంపు పడింది. ఫైలు లోపలికి పోయింది.

గుమాస్తా తర్వాతి నంబరు పిలిచాడు. అది పెద్దావిడదే.

"నాకిక పనిలేదు బాబూ," అంటూ చీటీ కిటికీలో పెట్టేసి, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

పనిలేకుండానే పొద్దుట్నుంచీ కూర్చుందా, తిక్క మనిషి, అనుకుంది పంతులమ్మ. ఇంటికి ఫోన్ చేసే హడావుడిలో థ్యాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయింది.

కొత్త బడిలో మొదటిరోజు ప్రిన్సిపాల్ ఆవిడను తరగతి గుమ్మం దాకా తీసుకెళ్లింది.

"పాత టీచరంటే వీళ్లకు ప్రాణం. పొడిగింపు కోసం మీ దేశానికే వెళ్లింది. దొరకలేదట. కొన్నాళ్లు మీరే ఓపిక పట్టాలి."

పిల్లలు మూతులు ముడుచుకుని చూస్తున్నారు.

పంతులమ్మ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పేరు రాయబోయింది. ఇంటిపేరు ఒక్క అక్షరం వేసింది. గుమాస్తా గుర్తొచ్చాడు. చెరిపేసి మొత్తం రాసింది. బోర్డు చాల్లేదు. అదీ చెరిపింది. మళ్లీ రాయబోతే సుద్ద విరిగి కిందపడింది.

ముందు బల్ల మీది పాప లేచి, ఆ ముక్క ఏరి ఆవిడ చేతికందించింది.

తెలుగన్నది ఒకటుందని కూడా ఎరగని ఆ పిల్లలంతా, బాగా అలవాటైన పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క గొంతుతో అన్నారు: "పర్లేదు, మళ్లీ రాద్దాం."