జీవితాంతం భోజనం

తడి గచ్చు మీద అలివేలుమంగ కాలు జారింది.

నేల తుడుస్తున్న ముసలామె గబుక్కున మోచెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకుంటే తుంటి విరిగేదే.

“చూసి నడువు మా. ఈ వయసులో ఎముక విరిగితే అంత సులువుగా అతకదు.”

అందరూ తమిళం మాట్లాడుతున్న ఆ వృద్ధుల హోములో తెలుగు మాట వినిపించేసరికి అలివేలుమంగకు కాస్త ధైర్యం వచ్చింది.

“మీరు మనవాళ్లేనా?”

ముసలామె పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆఫీసు గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“డబ్బు కట్టేసినావా?”

“ఇంకా లేదు. సోమవారం కడతా.”

“సాపాటుకు వేరేగా డబ్బు అడగబోమని కాగితంలో రాసియ్యమను. రాసియ్యకపోతే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఈడ నిలబడను కూడా నిలబడొద్దు.”

అలివేలుమంగ చెయ్యి విడిపించుకుంది. నేల తుడిచే మనిషి తన లక్షల సంగతి మాట్లాడటం ఆమెకు నచ్చలేదు.

అలివేలుమంగకు యాభై తొమ్మిది. సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో ముప్పై రెండేళ్లుగా లెక్కలు రాస్తోంది. పెళ్లి చేసుకోలేదు. తల్లిని తొంభై ఒకటో ఏటి దాకా చూసుకుంది. ఈ నెలాఖరుతో ఉద్యోగం అయిపోతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, దాచుకున్నదీ కలిపితే ఇరవై రెండు లక్షలు. తొండియార్‌పేటలో ఉంటున్న రెండు గదుల ఇంటికి అద్దె తొమ్మిది వేలు.

తానూ అమ్మలాగే తొంభై దాటితే? డబ్బు డెబ్బైకే అయిపోతే? స్నానాల గదిలో పడిపోతే తలుపు ఎవరు కొడతారు?

ఊరందరి లెక్కలూ పైసాతో సహా సరిపెట్టిన మనిషికి తన లెక్క మాత్రం తేలడం లేదు. ఎన్నిసార్లు కూర్చున్నా, ఇంకా ఎన్నేళ్లు బతుకుతానన్న అంకె దగ్గర పెన్ను ఆగిపోతోంది.

అందుకే రెడ్‌హిల్స్ దాటి ఇంత దూరం వచ్చింది. ఒక్కసారి ఇరవై లక్షలు కడితే జీవితాంతం గది, భోజనం, మందులు. ఇక ఆ అంకెతో పనే లేదు.

మేనేజరు ధర్మలింగం కాఫీ తెప్పించాడు.

“బయట మీ పనామె ఏదేదో చెప్తా ఉంది సార్. డబ్బు కట్టొద్దంట.”

చాడీ చెప్పాలని కాదు. ఆయన నవ్వి కొట్టిపారేస్తే తన గుండెదడ తగ్గుతుందని చెప్పింది.

ఆయన నవ్వాడు. “ఆదిలక్ష్మా? ఆమెకు తల కొంచెం సరిలేదు మా. పట్టించుకోవద్దు.”

దడ తగ్గలేదు.

శని, ఆదివారాలు అన్నం సహించలేదు. చెక్కుబుక్కు తీస్తుంది, పేరు రాయబోతుంది, మూసేస్తుంది. పిచ్చిదాని మాట అని ఎంత అనుకున్నా, ఆ మాటలో పిచ్చి ఎక్కడా కనబడలేదు.

సోమవారం ధర్మలింగం కాగితాలు ముందు పెట్టాడు.

“సంతకం ఇక్కడ మా.”

అలివేలుమంగ గొంతు సవరించుకుంది. “తర్వాత సాపాటుకని వేరేగా డబ్బు అడగబోమని ఒక్క లైను రాసిస్తారా సార్?”

“అదెట్లా మా? బియ్యం ధర, గ్యాసు ధర పెరగవా? రెండేళ్లకోసారి కొంచెం సవరిస్తాం. చివరి పేజీలో ఉంది చూడండి.”

“కొంచెం అంటే ఎంత?”

“అప్పటి పరిస్థితిని బట్టి.”

“కట్టలేకపోతే? కట్టిన ఇరవై లక్షలు వెనక్కి ఇస్తారా?”

“డిపాజిట్టు తిరిగి ఇవ్వడమన్నది లేదు.” ఆయన ముఖంలో నవ్వు పోయింది. “ఇవన్నీ ఎవరు నేర్పిస్తున్నారు మీకు? ఈ గదికి ఇంకా ఇద్దరు కాచుకొని ఉన్నారు. మీ ఇష్టం.”

అలివేలుమంగ చివరి పేజీ తిప్పింది. చీమల్లాంటి అక్షరాలు. రెండుసార్లు చదివింది. చెక్కుబుక్కు సంచిలో వేసుకొని లేచింది.

ఇకపై ఎక్కడ ఉండాలో, ఎట్లా బతకాలో ఇప్పటికీ తెలియదు. కానీ డబ్బు మాత్రం ఇంకా తన చేతిలోనే ఉంది.

ఆదిలక్ష్మికి ఒక్క మాట చెప్పి వెళ్లాలనిపించింది. వరండా చూసింది, వంటగది చూసింది. ఎక్కడా లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ రామసామి కూర్చుని ఉన్నాడు. ఆయనది తిరుత్తణి పక్క, తెలుగే.

“ఆదిలక్ష్మమ్మ కనబడలేదే అన్నా?”

“శుక్రవారమే పంపించేసినారు మా. ఎవురో చేరడానికి వచ్చినామె ఆఫీసులో చెప్పిందంట, ఈమె డబ్బు కట్టొద్దనిందని.”

అలివేలుమంగ ఆఫీసు గది వైపు తిరిగి చూసింది.

“యాడికి పోయింది?”

“ఏమో. ఒక్క సంచి ఎత్తుకొని బస్టాండు పక్క నడిచిపోయింది. ఆమెకి ఎవురూ లేరు.”

ఆ చెప్పింది తానేనని అనబోయి మానుకుంది. చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి ముందుకు చాపింది.

“కనబడితే నాకు ఫోన్ చెయ్యన్నా. మా పక్క ఇండ్లల్లో పనికి మనుషులు కావాలంటా ఉంటారు. యాడైనా చేర్పిస్తా.”

రామసామి చీటీ అందుకోలేదు.

“ఆమె పనామె కాదు మా, ప్రైవేటు ఇస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్సుగా చేసి, ఈడ అందరికన్నా ముందు డబ్బంతా కట్టి చేరినామె, సాపాటు చార్జీ ఇయ్యలేక, మూడేండ్లుగా నేల తుడిచి తింటా ఉండె.”