ఇద్దరుండాలె

"వేణు ఉన్నడా?"

స్కూటరు దిగుతూనే అడిగాడు సామేలు సార్. సకల జనుల సమ్మెలో బడికి తాళం పడి నెలయింది. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఒక్క బస్సు ఎదురు కాలేదు. మెయిల్లో రాయలేని మాటొకటి వేణుకు ఎదురుగా చెప్పిపోదామని వచ్చాడు.

కరెంటు లేక నేత సాంచెలు ఆగిపోవడంతో వేణు తండ్రి భూమయ్య గడపలోనే కూర్చుని ఉన్నాడు.

"మీరెవలు సారూ?"

"కోరుట్ల. కృపారాణి బాపును."

"అయ్యో, గా బిడ్డ బాపువా! రా సారూ, కూసో. బిడ్డ రాలే?"

"రాలే."

"ఎట్లస్తది, బస్సులు బందాయె. మంచిగున్నదా?"

సార్ నీళ్లు తాగాడు. "ఆమె కంప్యూటర్ మంచిగనే నడుస్తుంది."

"గది సాలు!" భూమయ్య నవ్వాడు.

లోపల బల్ల మీద అలాంటిదే ఇంకొకటి. జగిత్యాల తుక్కు దుకాణంలో అవి రెండే దొరికాయి. పిల్లలిద్దరూ చెరొకటి కొన్నారు, ముఖాలు చూసుకోకుండానే మెయిళ్లలో స్నేహితులయ్యారు. దాని చిప్పు ఇప్పుడెవరూ వాడని రకం. నలుగురూ కలిసి రాసి ఊరికే పంచే ఆపరేటింగ్ సిస్టం మాత్రం దాని మీద ఇంకా నడుస్తోంది. దాని కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, ఒక్కో రకం చిప్పుకు కనీసం ఇద్దరు తమ యంత్రంలో వేసి చూసి 'నడుస్తోంది' అని రాయాలి. ఒక్కరే మిగిలితే ఆ రకాన్ని తీసేస్తారు. వేణు నుంచి ఆ మాట ఏనాడూ తప్పలేదు. కొంతకాలంగా ఆ ఒక్క మాటే వస్తోంది. ఈసారి గడువు రేపే.

"వేణు ఎప్పుడొస్తడు?"

భూమయ్య తువ్వాలతో కీబోర్డు దుమ్ము తుడిచాడు.

"వాడు పోయి రెండేండ్లాయె సారూ."

"మరి రాస్తున్నదెవలు?"

"నేనే. మంచంల ఉన్నప్పుడు నేర్పిండు. ఏ మీట ఎన్కాల ఏది నొక్కాల్నో కాయితం మీద గీసిచ్చిండు. 'బాపూ, మనం రాయకుంటే కోరుట్ల పిల్ల ఒక్కతే అయితది' అన్నడు." భూమయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు. "బిడ్డకు చెప్పకు సారూ. మనసు ఇరుగుతది."

సార్ నల్లటి తెర వైపు తిరిగాడు.

"చెప్ప."

"కరెంటు రాంగనే నేను రాస్త. మరి బిడ్డ?"

"మా ఇంట్లకెళ్లి గూడ 'నడుస్తోంది' అని వస్తది."

తెచ్చిన మాట చెప్పకుండానే సార్ కోరుట్ల దారి పట్టాడు.

కృపారాణి పోయి ఏడాది.